గాలి మొక్కకు గాలి

మా ఆయన సైకిళ్లు బాగుచేస్తారు. ఇంటి ముందు గదే కొట్టు. నేనోసారి మొక్కలమ్మే ఆవిడ దగ్గర రెండు గాలి మొక్కలు కొన్నాను. "వీటికి మట్టి అక్కర్లేదండీ, గాలి చాలు. వారానికోసారి నీళ్లలో ముంచి తీస్తే సరి" అని ఆయనకు చెప్పాను.

ఒకదాన్ని నేను గాజు గిన్నెలో ముద్దుగా కూర్చోబెట్టాను. రెండోదాన్ని ఆయన పాత చక్రం ఊచల మధ్య ఇరికించి కిటికీకి వేలాడదీశారు. ఆదివారం రెండింటినీ నీళ్లలోంచి తీశానో లేదో, ఆయన పంపు తెచ్చి తన మొక్కకు బుస్సుబుస్సుమని గాలి కొట్టారు!

నాకు నవ్వాగలేదు. "గాలి మొక్కంటే గాలి కొట్టే మొక్కా?"

"నువ్వే కదా గాలి చాలన్నావు!"

ఆడపడుచుకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆయన మాత్రం ఒక్క ఆదివారమూ మానలేదు.

నెల తిరిగేసరికి నా మొక్క మొదలు నల్లబడి, ముట్టుకుంటే ఆకులు ఊడి చేతికొచ్చాయి. ఆయన మొక్క ఊదారంగు పువ్వు పూసింది. రెండూ తీసుకెళ్లి చూపిస్తే మొక్కలావిడ తేల్చేసింది.

"ఆకుల మధ్య నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుందమ్మా. ముంచాక బాగా ఆరబెట్టాలి. ఈ పూసినదాన్ని ఎవరో తెలిసినవాళ్లే చూసుకుంటున్నారు!"

తెలిసినవాళ్లట! ఒళ్లు మండింది. అయినా ఇంకో మొక్క కొన్నాను. ఆదివారం దాన్ని ముంచి తీసి, నీళ్లోడుతుండగానే పట్టుకెళ్లి కొట్లో సైకిళ్ల వెనక వరసలో నిలబడ్డాను.

"ఏమండీ, కాస్త గాలి కొట్టండి."

ఆయన తలెత్తకుండానే అడిగారు. "ముందు చక్రానికా, వెనక చక్రానికా?"