దోన్యా తాచా పళ్ళెం

కుక్క కోసం పిలిపించారన్న సంగతి మార్నీకి మూడోరోజు పొద్దున తెలిసింది, అదీ కాఫీ తాగుతూ తాగుతూ.

"ఎల్లుండి నీతోపాటే మర్ఫీ కూడా విమానమెక్కుతాడమ్మా" అంది డోరీన్ పిన్ని, బ్రెడ్డుకి వెన్న రాసుకుంటూ. "కాల్గరీలో ఒక జంట వాడికోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నారు. మనిషి తోడు లేందే కుక్కని ఎక్కించుకోరట. అందుకేగా నీకు టిక్కెట్టు పంపింది!"

మార్నీ చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. వాళ్ళమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. సొంత అక్క పోతే మోకాళ్ళ నొప్పులని చెప్పి ఈ పిన్ని కడసారి చూపుకి కూడా రాలేదు. పోనీలే, పెద్దదైపోయింది అని సర్దుకుంది మార్నీ. ఆ తర్వాత ఉన్నట్టుండి ఫోన్ చేసి, "ఒక్కదానివీ అక్కడేం చేస్తావు తల్లీ, మా దగ్గర నాలుగు రోజులుండి పో" అనేసరికి, తను పనిచేసే ఆసుపత్రి చాకిరేవులో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. ఆ మురిపానికి ఇప్పుడు చెప్పుతో కొట్టినట్టయింది.

"బరువేం ఉండడులే" అన్నాడు లోర్న్ బాబాయ్. "మొన్న డాక్టరు కత్తిరించి ఇంకాస్త తేలిక చేశాడు కూడా!" అని తన జోకుకి తనే పొట్ట పట్టుకుని నవ్వాడు.

కెనడాలో ఉద్యోగాలు అయిపోగానే వచ్చి పరాయి దేశంలో ఈ చపాలా సరస్సు ఒడ్డున పడ్డారు ఇద్దరూ. పదకొండేళ్ళయింది. పదకొండేళ్ళలో దణ్ణం, థాంక్స్, ఇంకొంచెం ఐసు, ఈ మూడు ముక్కలు తప్ప ఊరి భాషలో నాలుగో మాట నేర్చుకున్న పాపాన పోలేదు. మార్నీయే నయం. చాకిరేవులో పక్కన నిలబడే, ఇదే భాష మాట్లాడే సాల్వడోర్ ఆడవాళ్ళతో రోజంతా వాగీ వాగీ, ఆ భాషలో కొట్లాడగలదు కూడా.

ఇంటి నడవా గోడంతా ఫోటోలు. పిన్ని 'రక్షించిన' కుక్కలట. అన్నీ మంచులో, ఒంటిమీద కోట్లతో, బిక్కమొహాలేసుకుని నిలబడ్డాయి. మొట్టమొదటి ఫోటోలో గోధుమరంగు ఆడకుక్క. ఒక చెవి తెలుపు. ఎర్ర కోటు.

"ఇదే నా తొలి బిడ్డ" అంటూ వచ్చినరోజే కళ్ళొత్తుకుంది పిన్ని. "వీధిలో దిక్కూమొక్కూ లేకుండా తిరుగుతుంటే తెచ్చాను. ఈ ఊరివాళ్ళకి మనసు లేదమ్మా."

ఇక ఈ మర్ఫీ. బట్టలుతికే గదిలో తాళం వేసి పెట్టారు వాణ్ణి, పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్ కుట్లు నాక్కోకుండా మెడకి ప్లాస్టిక్ గరాటా ఒకటి తగిలించి. దిక్కులేని కుక్కకి ఆ నిగనిగలాడే ఒళ్ళేమిటో, ఆ బొజ్జేమిటో మార్నీకి ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. పైగా రోజూ పొద్దుగూకే వేళ వీధిలో ఎవరో పళ్ళేన్ని గరిటెతో కొట్టేవాళ్ళు. టంగ్ టంగ్ టంగ్ మని. ఆ చప్పుడు వినపడితే చాలు, లోపల వాడికి పూనకం వచ్చేది. తలుపు గీకేవాడు, గరాటా గోడకేసి బాదుకునేవాడు, ఏడ్చేవాడు. బాబాయ్ లేచి వెళ్ళి పాట గట్టిగా పెట్టేవాడు.

"ఎవరు పిన్నీ అది?"

"ఎవరో ఏదో అమ్ముకుంటారు. ఈ ఊళ్ళో గోలకేం కొదవ?"

ఆ మూడోరోజు సాయంత్రం పళ్ళెం మోగగానే మార్నీ చెప్పులేసుకుని గేటు దాటింది. ఇంటి మూలమీద ఏప్రన్ కట్టుకున్న ఒక పెద్దావిడ, అంచులు పెచ్చులూడిన నీలం పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరికోసం కొడుతున్నారమ్మా?" అని అడిగింది మార్నీ.

"మా కుక్క, ఆ కనేలో సచ్చినోడి కోసం తల్లీ!" అందావిడ. "తిరుగుబోతు వెధవ. పొద్దునంతా ఊరు ఏలతాడు. మాంసం కొట్టు దగ్గర ఓ ముక్క, చర్చి మెట్లమీద ఓ కునుకు, ఆ తర్వాత ఇదిగో, నేను మొక్కజొన్న పిండి తమాలేలు అమ్ముకుని వచ్చేదాకా ఈ మూలమీదే కాపలా. ఎక్కడున్నా పళ్ళెం మోగితే పరిగెత్తుకొచ్చేవాడు. పది రోజులాయె, అయిపు లేదు." అని మార్నీని ఎగాదిగా చూసి, "నువ్వు సెన్యోరా డోరీన్ గారింటికొచ్చిన అమ్మాయివి కదూ? మన మాట ఎంత బాగా వచ్చునే నీకు! నన్ను దోన్యా తాచా అంటారు. మీ ఇంట్లో అందరూ తింటారు నా తమాలేలు" అంది.

మార్నీ వెనక్కి తిరిగి పిన్ని గేటు వైపు చూసింది. "ఎవరైనా పట్టుకుపోయారేమో" అంది ఎలాగో.

"కుక్కనెవరు పట్టుకుపోతారే పిచ్చిదానా! వీడి తల్లి పింతా కూడా ఇలాగే మాయమైంది. దానికో చెవి తెల్లగా ఉండేది. సరస్సులో పడిపోయిందన్నారు. ఒడ్డున ఎన్నిసార్లు కొవ్వొత్తి వెలిగించానో, ఆ దేవుడికే తెలుసు."

ఇంకా ఏదో చెబుతోంది. మార్నీకి వినపడలేదు. ఎర్ర కోటు ఒక్కటే కళ్ళముందు ఆడుతోంది. అయినా పిచ్చి ఆశ. పిన్నికి తెలీదు, పొరపాటు జరిగింది, చెబితే నాలుక కరుచుకుని తలుపు తీస్తుంది అనుకుంది. పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది.

పిన్ని గోళ్ళకి రంగు వేసుకుంటోంది.

"పిన్నీ, పొరపాటైంది. మర్ఫీకి ఇల్లుంది. పళ్ళెం కొడుతున్నావిడ కుక్క వాడు."

"తెలుసు" అంది పిన్ని, తలెత్తకుండా.

"ఏం తెలుసు?"

"ఆ తమాలేలావిడదేగా. తెలుసమ్మా. మెడకి పట్టీ లేదు, టీకా లేదు, మేడమీద ఎండలో పడుకోబెడుతుంది. దాన్ని పెంచడం అంటారా? మన దగ్గరైతే ఇలాంటివాళ్ళ దగ్గర్నుంచి లాగేసుకుంటారు."

"ఆవిణ్ణి ఒక్క మాట అడిగారా?"

"ఎలా అడుగుతాను? భాష రాదుగా!"

"పాపం, రోజూ పళ్ళెం కొడుతోంది పిన్నీ."

"అందుకేగా మీ బాబాయ్ పాట పెట్టేది" అంది పిన్ని, గోళ్ళు ఊదుకుంటూ.

ఛీ! తెలియక చేసినవాళ్ళకి తెలియజెప్పొచ్చు, తెలిసి చేసి గోళ్ళు ఊదుకునేవాళ్ళనేం చేస్తాం? ఆ ఇంట్లో ఇక మంచినీళ్ళు కూడా ముట్టకూడదనిపించింది మార్నీకి.

"నేను తీసుకెళ్ళను" అంది.

"మీ అమ్మా ఇంతే. ప్రతిదానికీ ముక్కు చీదడమే. అందుకే ఏం సాధించకుండానే పోయింది" అంది పిన్ని. "రేపు పార్టీకి జనం వస్తున్నారు. నా పరువు తీయకు. లోర్న్, ఆ గది తాళంచెవి నీ దగ్గరే ఉంచు."

పార్టీ మర్ఫీకి వీడ్కోలుట. మర్నాడు నాలుగయ్యేసరికి తోట నిండా ముసలి దొరలూ దొరసానులూ. అందరి చేతుల్లోనూ గ్లాసులు. బల్లమీద ఎముక ఆకారంలో కేకు, దాని మీద 'స్వేచ్ఛ' అని గులాబీరంగు అక్షరాలు. ఒకావిడ పనిమనిషి లేటుగా వస్తోందని, ఇంకొకాయన చర్చి పండక్కి పేల్చే తారాజువ్వలకి నిద్ర పట్టడం లేదని. ఇక్కడివాళ్ళ ఊరికొచ్చి, వాళ్ళ నీడన కూర్చుని, వాళ్ళమీదే ఏడుపు! ఎవరో వచ్చి, "నువ్వెంత పుణ్యాత్మురాలివమ్మా" అని మార్నీ చెయ్యి నొక్కితే, చెయ్యి కడుక్కోవాలనిపించింది.

"వేడి వేడి తమాలేలు వస్తున్నాయి, పొట్టలో చోటుంచుకోండి!" అని పిన్ని కేకేసింది.

మార్నీ ఉలిక్కిపడింది. "ఎవరు తెస్తున్నారు?"

"ఆవిడే. ఊళ్ళో ఆవిడంత మెత్తగా ఇంకెవరు చేస్తారు?"

సిగ్గూ ఎగ్గూ లేని మనుషులని వినడమే గానీ, ఇంత దగ్గర్నుంచి చూడటం మార్నీకి అదే మొదలు.

గేటు దగ్గర దోన్యా తాచా గొంతు వినపడింది. అంతే, బట్టలుతికే గదిలోంచి ఒక్క ఊళ. గ్లాసులన్నీ ఆగాయి.

"లోర్న్! పాట!" అంది పిన్ని పళ్ళ మధ్య నుంచి.

బాబాయ్ లేచాడు. మార్నీ ఎదురెళ్ళి ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసుకుంది. ఆయన ఆపలేదు. గ్లాసులో ఐసు కేసి చూస్తూ ఉండిపోయాడు.

తలుపు తెరవడమే తరువాయి. గరాటాతో సహా దూసుకొచ్చాడు కనేలో. బల్ల కాలు తగిలి కేకు నేలమీద పడింది. వాడు దాన్ని తొక్కుకుంటూ వెళ్ళి దోన్యా తాచా ఒళ్ళోకి ఎగిరాడు. ఆవిడ తమాలేల గిన్నె దించి, అక్కడే చతికిలబడి, వాణ్ణి తిట్టుకుంటూ ముద్దు పెట్టుకుంటూ, ముద్దు పెట్టుకుంటూ తిట్టుకుంటూ ఏడ్చింది. కుట్లు చేతికి తగిలి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కళ్ళు తుడుచుకుని లేచి, తిన్నగా పిన్ని దగ్గరికొచ్చి ఆ రంగు గోళ్ళ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"ఏమంటోంది? పోలీసులంటోందా?" అంది పిన్ని, మొహం పాలిపోయి.

దోన్యా తాచా మార్నీ వైపు తిరిగింది. "చెప్పు తల్లీ, మీ పిన్నిగారికి చెప్పు. దెబ్బ తగిలితే వైద్యం కూడా చేయించి దాచారు నా కొడుకుని. ఈవిడ మనసు నాకు ముందే తెలుసు. అప్పుడు పింతా పోయినప్పుడు కూడా టార్చి లైటు పట్టుకుని నాతోపాటు ఒడ్డంతా తిరిగింది ఈ మహాతల్లి. దొరకలేదని నన్ను పట్టుకుని ఏడ్చింది కూడా."

మార్నీ పిన్ని మొహంలోకి చూసింది. అసహ్యానికి కూడా ఎక్కడో ఒక అట్టడుగు ఉంటుందనుకుంది ఇన్నాళ్ళూ.

"ఏమంటోందే?"

"నీకు దణ్ణం పెడుతోంది పిన్నీ. పింతా కోసం తనతో కలిసి వెదికినందుకు."

అని, ఇంట్లోకి వెళ్ళింది. నడవా గోడమీంచి మొదటి ఫోటో ఊడబెరికింది. తెచ్చి దోన్యా తాచా చేతిలో పెట్టింది.

"ఇది ఎవరో చూడండమ్మా. సరస్సులో పడలేదు. వీళ్ళే పంపేశారు, మా దేశానికి" అంది.

దోన్యా తాచా ఫోటోని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. తెల్లచెవి మీద బొటనవేలితో రాసింది. తిడుతుందనుకుంది మార్నీ. గిన్నె తీసి పిన్ని నెత్తిన కొట్టినా బాగుండేది. ఆవిడ ఒక్క సంగతే అడిగింది, మార్నీని కాదు, తిన్నగా పిన్నిని చూస్తూ.

"ఇప్పుడేమంటోంది?" పిన్ని గొంతు పీలగా వచ్చింది.

"అక్కడ చలి ఎక్కువా అని అడుగుతోంది. మన పింతాకి రాత్రిపూట కూడా ఆ కోటు ఉంచుతారా అని. నువ్వే చెప్పు పిన్నీ."

తోటంతా పిన్ని వైపే చూస్తోంది. పిన్ని ఆ ముసలావిడని చూడలేదు, ఫోటోనీ చూడలేదు, నేలమీద చితికిన కేకుని చూసింది.

"లోర్న్" అంది, "ఆ పాట కాస్త గట్టిగా పెట్టు."

దోన్యా తాచా ఫోటోని ఏప్రన్‌లో దోపుకుని, తమాలేల గిన్నెకి ఒక చెవి పట్టుకుంది. రెండో చెవి మార్నీ పట్టుకుంది. ముందు కనేలో, వెనక వాళ్ళిద్దరూ గేటు దాటారు.