ఊపిరి వదిలితేనే చుట్టుకునే టేపు

పొద్దున్నే షట్టరు పైకెత్తగానే చిన్న టైలరమ్మ మొదట మిషన్ల మీది ముసుగులు తీసేది. తర్వాత గోడ మేకుకి వేలాడే అమ్మ టేపుకి దణ్ణం పెట్టేది. ఆ తర్వాత బొత్తాల డబ్బా పక్కనున్న బిస్కెట్ల డబ్బా ఊపి, నిండుగా ఉందో లేదో చూసుకునేది. పొద్దుటి తిండి మాత్రం ముట్టేది కాదు. కడుపు మాడ్చుకుంటే ఒళ్ళు తగ్గుతుందని ఆవిడ లెక్క. గుడ్డ కోసే వేళకల్లా ఆ లెక్క తప్పేది.

ఎందుకు తప్పేదో వినండి. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే ఎవరూ అతకలేరు. కత్తెర ఎత్తగానే ఆవిడ గుండెల్లో ఎవరో కూర్చుని మిషను తొక్కుతున్నట్టు దడదడలాడేది. అరచేతులు చెమర్చేవి. ఆ దడ ఆగాలంటే నోట్లో ఏదో ఒకటి పడాలి. ఒక గీత, ఒక బిస్కెట్టు. ఒక కోత, రెండు బిస్కెట్లు. నిలబడే, రుచి తెలియకుండానే, వేలికంటిన సుద్దతో సహా. ఒకసారి ఒక పెద్దమనిషి కొత్త కోటు జేబులో చెయ్యి పెడితే సగం కొరికిన బిస్కెట్టు దొరికింది. మూల స్టూలు మీద కాజాలు కుట్టుకుంటున్న పిన్ని తలెత్తకుండానే, కోటు కుట్టించుకున్నవాళ్ళకి ఈ నెల ఉచితమండీ అని సర్దిచెప్పింది. ఆయన నవ్వుకుంటూ పోయాడు. చిన్న టైలరమ్మ మాత్రం ఆ రోజంతా ఎవరి మొహమూ చూడలేదు.

డాక్టరు దగ్గరికీ వెళ్ళింది. ఒంటి బరువు సంగతి తర్వాత, ముందు ఈ కంగారు సంగతి చూసుకోవాలమ్మా అన్నాడాయన. వేళకి కూర్చుని తినమన్నాడు, కడుపు మాడ్చుకోవద్దన్నాడు, రోజూ కాస్త నడవమన్నాడు, మనసులో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకోమన్నాడు. అన్నిటికీ తలూపింది. ఇంటికొచ్చేసరికి ఆవిడ చెవుల్లో మిగిలింది ఆయన అననే అనని ఒకే ఒక్క మాట: తగ్గాలి.

ఆ మాట చుట్టూ ఆవిడ బతుకంతా ఆగిపోయింది. ఫొటో దిగుదువు రావే అంటే, తగ్గాక. కాస్త మంచి రంగు కట్టుకోవే అంటే, తగ్గాక. ఆఖరికి ఎదురు కొట్లో గడియారాలు బాగుచేసే గడియారాలాయన పెళ్ళి మాట అడిగినప్పుడు కూడా ఆవిడ నోటికొచ్చిన జవాబు అదే. ఆయన తల గోక్కుని, ఏం తగ్గాక అని అడగబోయి, అడగకుండానే వెళ్ళిపోయాడు.

ఇక ఆ టేపు సంగతి. అది అమ్మది. అంటే పెద్ద టైలరమ్మది. అంచులు మాసి, అంకెలు సగం చెరిగి ఉండేది. వీధివాళ్ళందరికీ తెలిసిన సంగతేమిటంటే, ఊపిరి బిగబట్టినవాళ్ళకి అది చుట్టుకోదు. కడుపు లోపలికి పీల్చుకుని నిలబడ్డారా, ఎంత చుట్టినా నడుము మీంచి జారి కాళ్ళ దగ్గర చుట్టలు చుట్టుకుని పడుకునేది. ఊపిరి వదిలి మామూలుగా నిలబడితే మాత్రం తనంతట తనే వచ్చి నడుముని పట్టుకునేది. రెండు కొసలూ కలిసేటప్పుడు చిటిక వేసినట్టు 'టక్'మని చిన్న చప్పుడు. ఆ చప్పుడు వినపడితేనే పెద్ద టైలరమ్మ కొలత రాసుకునేది. దీన్నెవరూ వింతగా చూడలేదు. కొన్ని కత్తెరలు ఎడమచేతివాళ్ళకి లొంగవు, కొన్ని మిషన్లు ముసురుపట్టిన రోజున మొరాయిస్తాయి. ఇదీ అలాంటిదే అనుకున్నారు.

కాకపోతే జనానికి ఊపిరి వదలడం అంత తేలికా? కొలత అనగానే మహారాజైనా పొట్ట లోపలికి లాక్కుంటాడు. అందుకే పెద్ద టైలరమ్మ నవ్వించేది. ఒక బడిపంతులు రొమ్ము విరిచి, పొట్ట దాచి, సైనికుడిలా నిలబడ్డాడు. టేపు మూడుసార్లు జారింది. ఆవిడ కింద కూర్చుని దాన్ని పైకి తీస్తూ, "మాస్టారూ, లోపల ఎవరినో దాచినట్టున్నారు. బయటికి రమ్మనండి, వాళ్ళకీ ఒక చొక్కా కుడతాను" అంది. పంతులు పగలబడి నవ్వాడు. పొట్ట బయటికొచ్చింది. 'టక్'. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలయ్యాక కూడా కదిలేవాళ్ళు కాదు. ఆ కొట్లో ఎప్పుడూ గుమ్మందాకా మనుషులే.

మధ్యాహ్నం ఎదురు కొట్లో గడియారాలన్నీ పన్నెండు కొట్టేవి. ఒకటి ముందు, ఒకటి వెనక, ఆలస్యంగా వచ్చిన చుట్టాల్లా వరసగా. అప్పుడు పెద్ద టైలరమ్మ మిషను ఆపేసేది. కోత బల్ల మీది సుద్ద తుడిచి, తెల్లటి గుడ్డ పరిచి, పళ్ళాలు పెట్టేది. కళ్ళు మూసుకుని, దేవుడా ఈ పూట కూడా ఇచ్చావు అని ఒక్క మాట అనుకుని కూర్చునేది. ఎంత అర్జెంటు పనైనా సరే, ఆ బల్ల ముందు నిలబడి తినడానికి వీల్లేదు. నిలబడి తింటే కాళ్ళు లావెక్కుతాయే అని కూతుర్ని బెదిరించేది. కూతురు నమ్మేది కూడా.

చిన్నప్పుడు ఆ కూతురికి టేపు భలే చుట్టుకునేది. బడి గౌను కొలతకి చేతులు చాచి నిలబడితే చాలు, టక్. ఆ చప్పుడుకే కిలకిల నవ్వేది. ఎదిగే వయసులో ఒకనాడు చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ బుగ్గ గిల్లి, ఈ పిల్లకి ఇంకో గజం గుడ్డ ఎక్కువే పడుతుందిలే అంది. సరదాకే అంది. కానీ ఆ రోజు నుంచీ పిల్ల పొట్ట బిగబట్టడం నేర్చుకుంది. టేపు జారిపోవడం మొదలుపెట్టింది. తల్లి తనకి తెలిసిన హాస్యాలన్నీ ఆడింది, లేనివి కల్పించి ఆడింది. లాభం లేకపోయింది. కంటి అంచనాతోనే కుట్టి పెట్టేది.

ఒకరోజు మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. "ఈ ఒళ్ళు దేవుడు నీకు కుట్టిన చొక్కానే పిచ్చితల్లీ. ఆయన మనకన్నా మంచి టైలరు. ఎప్పటికైనా బిగుతైతే విప్పుకోడానికి లోపల గుడ్డ వదిలే కుట్టుంటాడు. నువ్వెందుకు భయపడతావు?"

తర్వాత బీరువాలోంచి నీలం గుడ్డ తీసి చూపించింది. నీ ఊపిరి నిలకడైన రోజున దీన్ని కోస్తాను అంది. ఆ రోజు రాకుండానే ఆవిడ పోయింది. గుడ్డ బీరువాలో, టేపు మేకుకి ఉండిపోయాయి.

చిన్న టైలరమ్మ బజారు నుంచి కొత్త టేపు తెచ్చుకుంది. ఎవరు ఎలా నిలబడ్డా కిక్కురుమనకుండా చుట్టుకునే టేపు. దానికి నవ్వించే పనిలేదు, కాబట్టి కొట్లో నవ్వు కూడా లేదు. పాతవాళ్ళు అప్పుడప్పుడూ, అమ్మ టేపు తియ్యకూడదూ, ఆ చప్పుడు విని ఎన్నాళ్ళయిందో అనేవాళ్ళు. ఆవిడ విననట్టు సుద్ద వెతుక్కునేది.

ఇలా ఉండగా ఒక సోమవారం గడియారాలాయన రోడ్డు దాటి వచ్చాడు. పక్క ఊళ్ళో వాళ్ళన్నయ్యకి పెద్ద గడియారాల కొట్టుంది, రమ్మంటున్నాడట. ఇక్కడ ఉండిపోవడానికి కారణం లేకపోతే ఆదివారం సాయంత్రం బండికి సామాను ఎక్కిస్తాడట. ఇంత చెప్పి, కారణం అన్న మాట దగ్గర కాసేపు ఆగి, ఎదురుచూసి, పిన్నికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

"వాడు అడిగింది నిన్నేనే అమ్మడూ" అంది పిన్ని.

"తెలుసు."

"తెలిస్తే చెప్పవేం?"

"ఆదివారంలోపు తగ్గుతాను" అంది చిన్న టైలరమ్మ.

పిన్ని సూది నోట్లో పెట్టుకుంది. నోట్లో సూది ఉండబట్టి ఆ పూట కొట్లో ఒక పెద్ద గొడవ తప్పింది.

ఆ వారం చూడాలి. పగలంతా మంచినీళ్ళతో గడిపేది. సాయంత్రం షట్టరు సగం దించి, ఓ మూల నిలబడి బిస్కెట్ల డబ్బా అడుగు చూసేది. చూసి ఏడ్చేది. మళ్ళీ పొద్దున్న అదే ఒట్టు. ఒకరి చొక్కాకి కాలరు తిరగేసి కుట్టింది. దానికితోడు తనకోసం ఒక కొత్త బట్ట కుట్టుకుంది. నీలం గుడ్డ కాదు, దాని జోలికి వెళ్ళే ధైర్యం లేదు. వేరే గుడ్డ. బజారు టేపుతో, అద్దం ముందు ఊపిరి బిగబట్టి తనకి తనే కొలత తీసుకుంది. చాలదన్నట్టు ఆ కొలతకి ఇంకో రెండు వేళ్ళు తగ్గించింది. లోపల విప్పుకోడానికి గుడ్డ కూడా వదల్లేదు. అమ్మ చూస్తే కత్తెర లాక్కునేది.

ఆదివారం ఆ బట్టే వేసుకుని కొట్టు తెరిచింది. పట్టింది, పట్టకేం. ఊపిరి పీల్చనంతసేపూ పట్టింది.

పని చేస్తూ కూర్చుంది. ఎండ గుమ్మం దాటి కోత బల్ల కాళ్ళదాకా వచ్చింది. ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియడం లేదు. ఇంకాస్త సేపటికి అర్థమైంది. మధ్యాహ్నమైంది, పన్నెండు కొట్టలేదు. ఎదురుగా గడియారాలన్నీ గోడల మీంచి దిగి, గడ్డి కూరిన పెట్టెల్లో పడుకున్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆవిడ మధ్యాహ్నానికి ఆ చప్పుడుండేది. తిన్నా తినకపోయినా, ఇది భోజనం వేళ అని అది చెబుతూనే ఉండేది. ఇప్పుడు వీధి అంతా నోరు మూసుకుంది. గుండెల్లో మిషను మొదలైంది. చెయ్యి డబ్బా మీదికి పోయింది.

అప్పుడొచ్చాడాయన. ఒక చంకలో గోడ గడియారం, ఒక చేతిలో భోజనం క్యారియరు. గడియారం పెద్ద టైలరమ్మదట, ఎప్పుడో బాగుకి ఇచ్చి మర్చిపోయిందట, అప్పగించి పోదామని వచ్చాడట. క్యారియరు ఎందుకంటే, కొట్లో బల్లలన్నీ కట్టేశాడు, నిలబడి తినడం ఆయనకి చేతకాదు.

పిన్ని కాజాలు పక్కన పెట్టింది. కోత బల్ల తుడిచింది. ఎక్కడ దాచిందో, ఆ పాత తెల్లగుడ్డ తెచ్చి పరిచింది. ముగ్గురూ కూర్చున్నారు. చిన్న టైలరమ్మ వెన్ను నిటారుగా, కర్రలా కూర్చుంది. వంగితే కుట్టు ఊరుకోదు. ఆయన తన పళ్ళెంలోంచి సగం తీసి ఆవిడ పళ్ళెంలో పెట్టాడు. ఆవిడ ఒక ముద్ద తీసుకుని, అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని ఆయన గొంతు సవరించుకున్నాడు. పాపం, మంచివాడే గాని, హాస్యం చెప్పడం ఆయన జాతకంలో లేదు.

"మొన్న ఒకాయన వచ్చి, మూడుంపావుకి అన్నాడండి..." అని ఆగిపోయాడు. "ఉండండి. అది చివర్న చెప్పాలి. ముందు ఆయన గడియారం ఆగిపోయిందన్నాడు. నేను, ఎప్పుడు ఆగిందండీ అని అడిగాను. దానికి ఆయన... అయ్యో, చెప్పేశాను కదూ."

చెవులదాకా ఎర్రబడ్డాడు. చిన్న టైలరమ్మ ఆయన మొహం చూసింది. పెదవి బిగబట్టింది. ఆగలేదు. పొట్టలోంచి తన్నుకొచ్చింది నవ్వు, ఎన్నేళ్ళదో. ఆ నవ్వుకి చంక కింద నుంచి నడుము దాకా కుట్టు పర్రున చిరిగింది.

ఆవిడ గభాలున రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. ఆయన తల తిప్పుకుని గోడకేసి చూస్తూ, మెల్లిగా అన్నాడు.

"కోత తప్పలేదు కదండీ. కుట్టేగా."

ఆవిడకి మళ్ళీ నవ్వొచ్చింది. ఈసారి కళ్ళలో నీళ్ళతో. పిన్ని ఒక శాలువా తెచ్చి భుజాల మీద కప్పింది. కప్పి, గోడ దగ్గరికెళ్ళి, దుమ్ము దులిపి మేకు మీంచి టేపు తీసింది.

"వద్దు పిన్నీ. జారిపోతుంది. ఆయన ముందు వద్దు."

"ఆయన గోడని చూస్తున్నాడు. నువ్వు లేచి నిలబడు."

నిలబడింది. ఇంకా నవ్వు తెరలు తెరలుగా వస్తూనే ఉంది, బిగబట్టడానికి ఊపిరెక్కడ మిగిలింది? పిన్ని ఊరికే టేపు కొస పట్టుకుంది, అంతే. అది అమ్మ చెయ్యిలా వచ్చి నడుముని చుట్టుకుంది.

టక్.

గోడని చూస్తున్నాయన ఆ చప్పుడు విన్నాడు. ఏళ్ళ తరబడి రోడ్డవతల నుంచి విన్న చప్పుడే. ఇటు తిరగలేదు గాని, ఆయన భుజాలు కూడా కాస్త కిందికి దిగాయి.

పిన్ని అంకె పైకి చదివింది. ఎంతని మీకు అడగాలనిపిస్తుంది, నాకు తెలుసు. కొలత కొట్టు దాటి పోకూడదని పెద్ద టైలరమ్మ ఆన, నేను దాటను. చిన్న టైలరమ్మ మాత్రం వంగి, అందరి కొలతలూ రాసినట్టే బల్ల చివర సుద్దతో రాసుకుంది. వంగినప్పుడు మిగతా కుట్టు కూడా చిరిగింది, పట్టించుకోలేదు. తర్వాత కూర్చుని, పళ్ళెం దగ్గరికి జరుపుకుంది.

"ముందు భోజనం కానివ్వండి" అంది ఆయనతో. "తర్వాత ఆ పెట్టెలు విప్పుకుందురు గాని. రేపు మధ్యాహ్నం నాకు పన్నెండు కొట్టాలి."

ఆ సాయంత్రం నీలం గుడ్డ కోత బల్ల మీదికొచ్చింది. కత్తెర ఎత్తగానే దడ రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది. ఆ తర్వాత కూడా అది వస్తూ పోతూనే ఉండేది. బిస్కెట్ల డబ్బా కూడా ఉన్నచోటే ఉంది. కాకపోతే కావాలనిపించిన రోజున రెండు పళ్ళెంలో పెట్టుకుని, కూర్చుని, రుచి తెలిసేలా తినేది. వేళకి ఎదుటి గడియారాలన్నీ కొట్టేవి, గోడ మీద అమ్మ గడియారం అందరికన్నా ఆఖర్న. పొద్దున్నే ఇద్దరూ వీధి చివరిదాకా నడిచొచ్చేవాళ్ళు. ఒళ్ళు కొంత తగ్గిందనీ, కొంత మళ్ళీ వచ్చిందనీ పిన్ని చెప్పేది. టేపు మాత్రం రెండుసార్లూ చుట్టుకుంది.

కానీ ఆ సాయంత్రం ఆవిడ కత్తెర దించలేదు. కళ్ళు మూసుకుని ఒక్క మాట అనుకుని, ఊపిరి వదిలి, నీలం గుడ్డని కోసింది. కోసేటప్పుడు అమ్మ పద్ధతిలోనే, లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదిలింది.