రెండు కొసలా పీచు

ఇలాగ దగ్గరికి రా. ఆ గట్టు మీద కూకో. సముద్రం హోరు ఎక్కువగా ఉంది, నా గొంతు దాన్ని దాటలేదిప్పుడు.

తడి కర్ర వాసన…

ఉప్పులో నాని, ఎండకి ఎండి, మళ్ళీ నాని — ఒడ్డుకి కొట్టుకొచ్చిన కర్రకి ఒక వాసన ఉంటుంది. పొయ్యిలో పెడితే చిటచిటమని గొణుగుతుంది.

నాను దానితోటే మాట్లాడేదాన్ని. నోరు మూసుకుని బతికే మనిషిని కాను. వినే మనిషి లేడు, అంతే.

అప్పుడొచ్చింది నాగశ్రీ.

పద్మనాభం ఊరి పిల్ల. వరి పొలాల పిల్ల. యూనివర్సిటీలో బూజుల మీద చదువు!

“ఏటే, పచ్చట్లో బూజు తీసి పారేస్తాం గానీ, దానికీ చదువుందా?”

“ఉంది మామ్మా. సముద్రంలో కర్రలకీ పడుతుంది. ఇదిగో.”

నా పొయ్యి పక్కన కర్ర మీదే. ఆవగింజ కన్నా సన్నని నల్లచుక్కలు.

పైకి అన్నీ ఒకటే నలుపు. ఏది ఏ రకమో తెలియాలంటే చుక్కని చిదిమి, గాజుపలక మీద పెట్టి, మైక్రోస్కోపులో దాని సిద్ధబీజాన్ని చూడాలట. విత్తనంలాంటిదన్నమాట. తను వెతికేదానికి రెండు కొసలా సన్నని పీచు ఉంటుందట. ఆ పీచుతో నీళ్ళలో తేలుతుందట… తేలుతుందట… కర్ర తగిలితే పట్టుకుంటుందట.

అది దొరికితే తన పని అయిపోయినట్టే.

దొరకలేదు.

దొరకలేదు గనకే వచ్చేది.

నాను కర్రలు ఏరి ఉంచేదాన్ని. ఆరిపోకుండా కుళాయి నీళ్ళు చల్లేదాన్ని.

“ఓలమ్మా, మంచినీళ్ళు పొయ్యకు మామ్మా! వేరే బూజులు పట్టేస్తాయి. సముద్రం నీళ్ళే పొయ్యి.”

ఇంటికొచ్చిన కర్రా చుట్టమే, చుట్టానికి ఉప్పునీళ్ళు పోస్తామేటి? పోశాను.

గుమ్మంలో మైక్రోస్కోపు. దాని కింది అద్దాన్ని ఎండకి తిప్పడం నా పని. తను చూస్తుంటే నాను చెప్పేదాన్ని — మా అమ్మ వల అల్లే తీరు, సేపల గంప నెత్తిన పెట్టుకుని పూర్ణా మార్కెట్ దాకా నడిచిన దారి. తను “ఊఁ” అనేది.

ఎన్నాళ్ళకి విన్నానో ఆ “ఊఁ”.

ఒక పొద్దు కొత్త పలక పెట్టి, సరిచేసి, చేతులు కడుక్కోడానికి లేచింది. నాను కన్ను ఆనించాను.

వెలుగులో పడవలాగ ఒకటి.

ఒక కొసన పీచు.

ఇంకో కొసనా… పీచు.

నా వేలు అద్దం మీదే ఉంది. కాస్త తిప్పితే చీకటి. ‘ఏటీ లేదే గుంటా’ అంటే చాలు. రేపూ వస్తుంది. ఎల్లుండీ వస్తుంది.

దూరాన ఓడలు లంగరేసి ఉన్నాయి, హార్బర్ పిలుపు కోసం. కుళాయి చప్పుడు ఆగింది. తను చేతులు తుడుచుకుంటోంది…

“నాగశ్రీ. ఇలాగ రాయే. రెండు కొసలా ఉంది, సూడు.”

చూసింది. నన్ను పట్టుకుని గెంతింది. దాని పేరు చెప్పింది. పొడుగు పేరు, నా నోట తిరగలేదు.

వస్తానంది. నిజంగానే అంది.

కర్రలు ఏరుతూనే ఉన్నాను. సముద్రం నీళ్ళు చల్లుతూనే ఉన్నాను. ఎవరి కోసమని అడక్కు.

నువ్వు మాత్రం ఇది మర్చిపోకు. నీ వాళ్ళకి చెప్పు. చెప్పేటప్పుడు, బూజు దొరికిందన్న దగ్గరే ఆపెయ్యకు —

అద్దం మీద నా వేలు ఎంతసేపు ఉందో, అదీ చెప్పు.