జానెడు పెంచిన పడక

నేను ఒక హెలికాప్టర్‌ని. ఎగిరినదాన్ని కాదు, అసలు పుట్టినదాన్నే కాదు. మద్రాసు శివారులో, యుద్ధం రోజుల్లో తెరిచిన ఒక రేకుల షెడ్డులో, నక్షాలు గీయడానికి గంజి పెట్టిన పల్చని బట్టల మీద నల్లసిరాతో గీసిన గీతలే నా ఒళ్లంతా. బర్మా కొండల్లో దెబ్బలు తిన్న సిపాయిలను ఆస్పత్రికి మోసుకురావాలని నన్ను తలపెట్టారు. ఇటొకరు, అటొకరు పడుకునేలా నాకు రెండు పడకలు.

నన్ను గీసింది పరాంకుశం. అతని బావ దామోదరం సిపాయిగా ఆ కొండల్లోనే ఉన్నాడు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చే అక్క అలివేలు నా మీదికి వంగి చూసేది.

"ఒరే, ఈ పడక చాలదు. మీ బావ పొడగరి. కాళ్లు బయట వేలాడతాయి."

"బావ కాళ్ల కోసం హెలికాప్టర్‌ని సాగదీయమంటావా?"

"సాగదియ్యి. నీదేం పోయింది, గీతేగా!"

నవ్వుతూనే బ్లేడుతో గీత గీకేసి, పడకను జానెడు పెంచాడు. బరువు లెక్కలన్నీ మళ్లీ వేసుకున్నాడు పాపం. "ఎప్పుడెగురుతుందిరా?" అని ఆమె రోజూ అడిగేది. ఇంజను రావాలి, పైనుంచి అనుమతి రావాలి అనేవాడు. నేనూ వాటికోసమే ఎదురుచూసేదాన్ని. వస్తాయా? వచ్చేసరికి ఆలస్యమైపోతే?

ఆలస్యమే అయింది. బండ్లు ఎక్కలేని కొండ మీద, తొడలో తూటాతో పడి ఉన్నాడట దామోదరం. డోలీ కట్టి దించుతుంటే దారిలోనే పోయాడట. తోటి సిపాయి ఒకడు వచ్చి చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత అలివేలు షెడ్డుకు రాలేదు.

కొన్నాళ్లకు యుద్ధం ముగిసింది. "తొందరగా, తొందరగా" అని నా వెంటపడ్డ దొరలే లడ్డూలు పంచారు. తుపాకులకు నూనె రాసి దాచుకున్నారు, నన్ను మాత్రం ఆపెయ్యమన్నారు. యుద్ధం ఆగినందుకు సంతోషించనా, పుట్టనందుకు ఏడవనా?

అప్పట్లో బట్టకు కరువు. గీసిన బట్టలు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వేడినీళ్లలో వేస్తే గంజీ, సిరా రెండూ వదిలి మెత్తని గుడ్డ మిగులుతుంది. అలివేలుకు తండ్రిని చూడని పసివాడున్నాడు, చొక్కాలు కావాలి. ఒక్కొక్కటే గంగాళంలో ముంచింది. రెక్కలు పోయాయి. తోక పోయింది. పడకలున్న బట్ట తియ్యగానే పరాంకుశం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇదొక్కటీ ఉంచుదామక్కా."

"దేనికిరా? ఎవర్ని పడుకోబెడతావు?"

అతను చెయ్యి వదిలేశాడు.

నీళ్లు నల్లబడ్డాయి. గుడ్డ పిండి, దండెం మీద ఆరేసి వచ్చి, ఆమె గంగాళం పక్కనే కూర్చుంది. నేనిప్పుడు ఆ నీళ్లలో ఉన్నాను. వేడి కూడా చల్లారిపోయింది.

"పారబోసి రానా అక్కా?"

"ఉండనీరా, కాసేపు."