జీడితోట అంచున నన్ను దించిన రోజు

నేను ఒక మరుగుదొడ్డిని. గోడలూ పునాదీ ఉన్నదాన్ని కాదు. కారు డిక్కీలో పడేసి ఎక్కడికైనా మోసుకుపోగలిగే ప్లాస్టిక్ పెట్టెను. పై అరలో నీళ్లు, మధ్యలో గిన్నె, కింది అరలో నీలిరంగు మందు. కరిగిన ప్లాస్టిక్‌ను ఇనుప దవడల మధ్య నొక్కి నన్ను పుట్టించారు. పుట్టగానే ఒక మనిషి నన్ను ఎత్తునుంచి సిమెంటు నేలమీదికి విసిరాడు. పగలలేదు కాబట్టి అమ్మకానికి పనికొస్తానన్నారు.

విశాఖపట్నంలో గుడారాలు అమ్మే దుకాణంలో చాలాకాలం ఉన్నాను. అడవిలో వండుకోవడానికి పొయ్యిలూ పెనాలూ గంటసేపు ఏరుకునే కుటుంబాలు నన్ను చూసి ముసిముసిగా నవ్వి వెళ్లిపోయేవి. తినడం గురించి మనుషులు మాట్లాడినంత, తిన్న తర్వాతి సంగతి మాట్లాడరు.

భ్రమరాంబ మాట్లాడింది. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ముఖంలో ఎడమ సగం కుట్లతో ముడుచుకుపోయింది, ఆ వైపు కన్ను లేదు. వెంట భర్త కామేశం, అత్తగారు సింహాచలమ్మ, హైస్కూలు చదువుతున్న కూతురు ఉదయ వచ్చారు. కామేశం కౌంటరు దగ్గర గొంతు తగ్గించి, "అదేనండీ, బయటికెళ్లినప్పుడు వాడుకునేది," అన్నాడు.

"మరుగుదొడ్డి," అంది భ్రమరాంబ, దుకాణమంతా వినబడేలా.

ముందు మడత కుర్చీలాంటిది చూపించారు. ఆవిడ దానిమీద కూర్చుని అటూ ఇటూ ఊగింది. కుర్చీ కాలు విరిగి ఆవిడ కిందపడింది. తర్వాత మూతా పీటా బిగించిన బకెట్టు తెచ్చారు. అది ఒక పక్కకు ఒరిగింది. చివరికి నామీద కూర్చుని, లేచి, నా అంచును బూటుకాలితో గట్టిగా తన్నింది. నేను కదల్లేదు.

"ఇంత బరువు మోసుకుంటూ విహారానికెవరు వెళ్తారే?" అన్నాడు కామేశం.

"పోయిన వేసవిలో చేతులూపుకుంటూ వెళ్లాను కదండీ," అందావిడ.

దుకాణంవాడు ఏమైందని అడిగితే దాచకుండా చెప్పింది. కొండల్లో గుడారం వేసుకున్నారు. తెల్లవారుజామున చెంబు పట్టుకుని జీడిమామిడి పొదల వెనక్కి వెళ్లింది. అక్కడ పండ్లు తింటున్న ఎలుగుబంటి లేచి నిలబడి ఒక్కటే దెబ్బ కొట్టింది. ఈవిడ ఊడి వేలాడుతున్న చెంపను అరచేత్తో అదిమిపట్టుకుని, గుడారందాకా నడిచొచ్చి, భర్తను పేరుపెట్టి పిలిచి పడిపోయింది.

"అంత జరిగాక మళ్లీ కొండలకా మేడం?" అన్నాడతను.

"కన్ను తీసుకుంది. కాళ్లు కూడా నేనే ఇచ్చెయ్యాలా?"

సింహాచలమ్మ నామీద కూర్చుని చూసింది. "మోకాళ్లొంగనిదాన్ని. నాకిది బాగుందే," అంది. అలా ఆ ఇంటిదాన్నయ్యాను.

శివరాత్రి వెళ్లాక కొండలకు బయల్దేరాం. ఒక వాగు ఒడ్డున పెద్ద గుడారం వేసి, దాన్ని ఆనించి నాకో చిన్న గుడారం వేసింది భ్రమరాంబ. రెండూ తాకుతూ ఉండాలని పట్టుబట్టింది. ఆవిడా ఉదయా వాగుకు నీళ్లకు వెళ్లినప్పుడు కామేశానికి మర్యాద గుర్తొచ్చింది. అన్నం తినేచోట ఇదేమిటని, నన్నూ నా గుడారాన్నీ దిగువకు, జీడితోట అంచుకు జరిపాడు.

పొద్దు వాలుతుండగా సింహాచలమ్మ లోపలికొచ్చి నామీద కూర్చుంది. వెనకవైపు ఆకులు చప్పుడయ్యాయి. "ఎవుర్రా అది?" అందావిడ. గుడ్డ పైనుంచి కిందిదాకా చీలింది. ఎలుగుబంటి మొదటి పంజాదెబ్బ నా వీపుమీద పడింది, రెండోది ముసలావిడ భుజంమీద. ఆవిడ నేలమీద పడింది. అది ముంజేయి పట్టుకుని గుంజింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఎండుకర్ర విరిగినట్టు ఉండదు, చెరకు విరిచినట్టు తడిగా ఉంటుంది.

కామేశం గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. వాగునుంచి వస్తూ బిందె జారవిడిచి పరుగెత్తుకొచ్చింది భ్రమరాంబ. చేతికి ఇంకేమీ అందలేదు. నన్ను పట్టుకుని తలపైకెత్తి, నీళ్ల బరువుతో సహా దాని మూతిమీద దించింది. అది చేయి వదిలి అరిచింది. భ్రమరాంబ మళ్లీ కొట్టింది. దాని దవడ పక్కకు తిరిగిపోయింది. మూడోసారికి నా కింది అర చీలి, నీలిమందూ మలినమూ దాని కళ్లల్లో చిమ్మాయి. అది తుమ్ముతూ, గుడ్డిగా చెట్లకు గుద్దుకుంటూ పొదల్లోకి పోయింది.

భ్రమరాంబ ఆగలేదు. ఎలుగు నిలబడిన చోటును, గడ్డిని, మట్టిని కొడుతూనే ఉంది. పోయిన వేసవినుంచి లోపల అణచిపెట్టినదంతా నా ఒంటిమీదుగా నేలలోకి దిగింది. నా మూత పగిలింది.

"అమ్మా, వెళ్లిపోయింది. ఇంక కొట్టకు," అంటూ ఉదయ వెనకనుంచి వాటేసుకుంది.

నన్ను మళ్లీ డిక్కీలో పడేశారు. సింహాచలమ్మను వెనక సీట్లో పడుకోబెట్టుకున్నారు. తల్లి తల ఒళ్లో పెట్టుకుని కామేశం, "దాన్ని అక్కడ పెట్టింది నేను," అన్నాడు.

కారు నడుపుతున్న భ్రమరాంబ, "తెలుసు," అంది.

ముసలావిడ బతికింది, చేయి పోయింది. మర్నాడు ఉదయం కొండ కింది ఊరినుంచి కబురొస్తే భ్రమరాంబ అదే కారులో వెళ్లింది. ఊరివాళ్లు గొడ్డళ్లతో, బరిసెలతో ఎలుగును తరిమి, బండల మధ్య చుట్టుముట్టి కొట్టి చంపేశారు. వాళ్లలో ఒకడి పొట్ట చీలింది. తాళ్లతో ఈడ్చుకొచ్చి బడి ముందు పడేశారు. ముఖం నిండా ఎండిన నీలిరంగు. పిల్లలు దాని నోట్లో పుల్లలు పెడుతున్నారు. పెద్దలు ఫోన్లలో ఫొటోలు తీసుకుంటున్నారు.

"సంపేసినాం మేడం. పక్కన నిలబడండి, మీ పొటో కూడా తీస్తాం," అన్నాడు ఒకాయన.

ఆవిడ దాని పక్కన కూర్చుంది. తన కన్ను తీసింది ఇదేనో కాదో పోల్చుకోలేకపోయింది. ఆ తెల్లవారుజామున ముఖం గుర్తుపెట్టుకునే తీరిక ఎక్కడిది. తాను విరిచిన దవడను చూసింది. తర్వాత పొత్తికడుపు చూసింది. రొమ్ములు పాలతో బిగిసి ఉన్నాయి.

"దీని పిల్లేదీ?" అంది.

ఫోన్లు కిందికి దిగాయి.

అటవీ శాఖ గార్డు సోమినాయుడితో కలిసి బండల్లో వెతికింది. ఒక పగులులో, కుక్కపిల్లంత నల్లటి ముద్ద వణుకుతూ దొరికింది. పట్టుకోబోతే కరిచింది. దాన్ని పెట్టి తీసుకెళ్లడానికి సంచీ లేదు, బుట్ట లేదు. భ్రమరాంబ డిక్కీ తెరిచి, నన్ను వాగులో కడిగి, నా గిన్నెలో తన చున్నీ పరిచింది.

ఇప్పుడు నేను అటవీ కార్యాలయం వెనక షెడ్డులో, పట్టుబడ్డ ఉచ్చులకూ రంపాలకూ మధ్య ఉన్నాను. పిల్లను జంతుప్రదర్శనశాలకు పంపారని ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. నన్నెవరూ అడగరు. పిల్లతో అటవీ శాఖ జీపులో చేసిన ప్రయాణం మాత్రం నాకు పదేపదే గుర్తొస్తుంది. పిల్ల నా గిన్నెను గీరుతూ ఏడుస్తోంది. భ్రమరాంబ నన్ను ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు కిటికీలోంచి బయటికే చూసింది. తర్వాత చేయి లోపల పెట్టింది. పిల్ల వాసన చూసి, ఆవిడ చిటికెనవేలు నోట్లోకి తీసుకుని చప్పరించడం మొదలుపెట్టింది. దాని పళ్లు మొనదేలి ఉన్నాయి. వేలినుంచి రక్తం కారి చున్నీమీద పడుతోంది.

"తీసెయ్యండి మేడం, కొరికేస్తాది," అన్నాడు సోమినాయుడు.

ఆవిడ చేయి తియ్యలేదు.