వంటింటి స్టూలు

ఎలక్ట్రీషియన్ గురునాథం సంచిలోంచి తీసిన ఎర్ర ప్లాస్టిక్ స్టూలును శ్రీలేఖ చూడగానే గుర్తుపట్టింది. దాని ఒక కాలికి అతని భార్య బాలనాగమ్మ కట్టిన సైకిల్ ట్యూబు ముక్క ఉంది. హౌగాంగ్ ఫ్లాట్లలో రెండు కుటుంబాలదీ ఒకే అంతస్తు. ఆ స్టూలు మీద కూర్చుని కబుర్లాడుతూ శ్రీలేఖ ఎంత వెల్లుల్లి ఒలిచిందో.

ఎవరూ ఎక్కి పనిచెయ్యకుండా, సేఫ్టీ సూపర్‌వైజరుగా నిన్ననే ఆమె సైట్లో ఉన్న స్టూళ్లన్నీ స్టోరులో పెట్టి తాళం వేసింది. అందుకని ఇంటినుంచి మోసుకొచ్చాడన్నమాట.

తంజోంగ్ పగార్‌లోని ఆ ఆఫీసు హాలుకు రేపు పదింటికి ప్రారంభోత్సవం. పైకప్పులో బిగించాల్సిన దీపం ఒక్కటే మిగిలింది. కత్తెర కాళ్లతో లేచే ఆ సిజర్ లిఫ్టు ఎంత పైకెళ్లినా, దీపం ఇంకా రెండడుగుల దూరంలోనే ఉంటోంది. గురునాథం స్టూలును ఆ లిఫ్టులో పెట్టాడు.

"బాబాయ్, ఆ స్టూలు దించండి."

"రెండు నిమిషాల పనమ్మా. నువ్వలా పోయి కాఫీ తాగిరా."

"అదెక్కితే రెయిలింగు మీ మోకాళ్ల దగ్గరికొస్తుంది. ఇంక అది ఉండి ఏం లాభం?"

"బెల్టుంది కదేటి?"

"బెల్టున్నది స్టూలెక్కడానికి కాదు."

"నీకు పెళ్లవకముందే నాను ఈ ఊళ్లో నిచ్చెనలెక్కినాను. మూడు నెలల కోర్సు చదివి నాకు చెప్తావేటి?"

శ్రీలేఖకు చురుక్కుమంది. పిల్లలు పెద్దయ్యాక, నలభై మూడో ఏట చదివిన సేఫ్టీ కోర్సు అది. ఈ ఉద్యోగం ఖాయమయ్యేదీ లేనిదీ ఈ వారమే తేలుతుంది. తేల్చే మేనేజరు భరద్వాజ్, పని ఆగిందని ఎవరో చెప్పారేమో, అప్పుడే ఫోను చేశాడు.

"శ్రీలేఖ గారూ, ఒక్క లైటేగా, చూసీ చూడనట్టు పోనివ్వండి. పొడుగు లిఫ్టు సాయంత్రానికి గానీ రాదట. క్లయింటేమో నాలుగింటికే వస్తున్నాడు."

"నాలుగింటికి అది వెలగదండీ. ఎవరాపారంటే నా పేరే చెప్పండి."

"మీ రిపోర్టు రాసేది నేనే, గుర్తుందా?"

"రాయండి."

ఆమె ఫోను పెట్టేసి, లిఫ్టు తాళంచెవి తిప్పి బయటికి లాగి పిడికిట్లో పెట్టుకుంది. గురునాథం మొహం ఎర్రబడింది.

"బాబాయ్, మీకేమన్నా అయితే కంపెనీవాళ్లు ఇంటికి ఫోను చేస్తారు. వాళ్ల ఇంగ్లీషు అర్థంకాక పిన్ని ఆ ఫోను పట్టుకుని మా తలుపే కొడుతుంది. అప్పుడు నేనేం చెప్పను? నీ స్టూలు మీదే ఎక్కించానని చెప్పనా?"

అతను స్టూలు దించి కింద పెట్టాడు. ఆమె దాన్ని లిఫ్టు చుట్టూ కట్టిన పసుపు టేపు అవతలికి లాక్కుని, దాని మీదే కూర్చుంది.

నాలుగింటికి క్లయింటు వచ్చి, ఆ మూల చీకటేమిటన్నాడు. భరద్వాజ్ ఆమె వైపు చెయ్యి చూపించాడు. ఆమె లేచి ఉన్నదున్నట్టు చెప్పింది.

"రేపు పదింటికి? క్యాన్ ఆర్ నాట్?" అన్నాడాయన, అవుతుందా కాదా అన్నట్టు.

"క్యాన్."

ఆరింటికి పొడుగు లిఫ్టు వచ్చింది. బ్రేకు, రెయిలింగు గేటు, అత్యవసరంగా ఆపే ఎర్ర బటను, ఒక్కొక్కటీ సరిచూశాకే ఆమె తాళంచెవి ఇచ్చి, మళ్లీ వెళ్లి స్టూలు మీద కూర్చుంది. గురునాథం గేటు మూసి, బెల్టు కొక్కెం తగిలించి పైకెళ్లాడు. రెండు కాళ్లూ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాయి. కాసేపటికి దీపం వెలిగింది.

"లేఖమ్మా, ఆ స్టూలు నాను పట్టుకెళ్తాన్లే," పైనుంచే అన్నాడు. "మీ పిన్నికి ఏటీ చెప్పకు."

"నేనే తీసుకెళ్తాను బాబాయ్," స్టూలు మీంచి లేవకుండానే అంది శ్రీలేఖ. "అన్నీ చెప్తాను. ముందు మీరు జాగ్రత్తగా దిగండి."