బండిలో చోటు

జమ్మలమడుగు జట్కా స్టాండులో రహీం నోరు పెద్దది. మగపిల్లల పక్కన ఆడపిల్లల్ని కూర్చోబెట్టేది కూడా ఒక బడేనా అని ఏడాదిపాటు గుర్రాలకూ మనుషులకూ కలిపి ఉపన్యాసాలు దంచాడు. ఆ వంకతోనే అయిదో తరగతి పాసయిన కూతురు షాహీదాబీని ఇంట్లో కూర్చోబెట్టాడు. "ఆడపిల్లలకు వేరే బడి పెట్టనీ, మొదటి దినమే చేర్పిస్తా" అని భార్య సైదాబీకి మాటిచ్చాడు. సర్కారు ఎవరి మాటా వినదన్న ధీమా అది.

అదేం ఖర్మో, 1959లో సర్కారు విన్నది. ఊళ్ళో ఆడపిల్లలకు వేరే హైస్కూలు పెట్టారు.

రహీం కంగారుపడలేదు. "అయివార్లంతా మొగోళ్ళంట" అన్నాడు. నెల తిరక్కుండా కడప నుంచి హెడ్మిస్ట్రెస్ పద్మావతమ్మ, ఆమె వెనకే ఇద్దరు టీచరమ్మలూ దిగారు. "గంట కొట్టేటోడు మొగోడే గదా" అన్నాడు. ఆ పని వెంకటరమణమ్మ అనే ఆయాకు ఇచ్చారు. దేవుడు ఆ నెలంతా వేరే పని పెట్టుకోకుండా సైదాబీ పక్షానే ఉన్నట్టున్నాడు.

పైగా, స్టాండులో తెర కట్టిన బండి రహీందొక్కటేనని వాకబు చేసి తెలుసుకుని, దూరపు పిల్లల్ని బడికి తెచ్చే పని పద్మావతమ్మ అతనికే అప్పజెప్పింది. కాదనడానికి నోరు రాలేదు. రోజూ పొద్దున ముందు ఆమెను, తర్వాత నలుగురు ఆడపిల్లల్ని ఎక్కించుకుని, గడపలో నిలబడ్డ సొంత కూతురి ముందు నుంచే బండి తోలేవాడు.

"ఊర్లో పిల్లోళ్ళంతా నీ బండిలోనే పోతాండారు. నీ పాప యాడ మామా?" అని స్టాండులో ఎకసెక్కాలు మొదలయ్యాయి.

"బండిలో చోటు యాడుందప్పా" అన్నాడు రహీం.

ఆ మాట పద్మావతమ్మ చెవిన పడింది. మర్నాడు ఆమె బండి ఎక్కలేదు. "నేను నడిచిపోతాలే రహీం. నా చోట్లో మీ పాపను కూర్చోబెట్టు" అని గొడుగు విప్పుకుని చక్కా పోయింది.

ఖాళీ బండి ఇంటి ముందు ఆపి, రహీం లోపలికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. సైదాబీ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"ఇంగేమన్నా వంక ఉండాదా?"

"నేను సదివింది అయిదే సైదా. పాప గూడా అయిదు పాసయిండాది. ఇంగొక్క తరగతి సదివితే నన్ను దాటిపోతాది. అప్పుడు నాతో ఏం మాట్లాడతాది? నన్ను నాయనా అని పిలిచేకి దానికి నామోషీ కాదా?"

ఊరంతా వినేలా వాగిన మనిషి, పాపం, ఈ ఒక్క మాట ఏడాదిగా ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

సైదాబీ నవ్వలేదు, కసురుకోలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నువ్వు అయిదు సదివినావు. నాకు నా పేరు రాసేకి గూడా రాదు. పద్నాలుగేండ్ల నుంచి నాతో మాట్లాడతానే ఉండావు గదా. నేనంటే నీకు నామోషీనా?"

రహీంకు ఆ సంగతి ఎన్నడూ తట్టలేదు. భార్య మొహంలోకి చూసి, చూడలేక తల దించుకున్నాడు.

"కాదు" అన్నాడు.

"అట్లయితే లెయ్యి. పాపకు బడి టయమైతాంది."